కోవా గిటారు కోసం చర్ల దారిన

భద్రాచలం వెళ్లొచ్చానని చెప్పగానే మా ఇంటి ఓనరమ్మ ప్రసాదం కోసం చెయ్యి చాపింది. నేను ప్రతి ఆదివారం బైబిలు పట్టుకుని చర్చికి పోవడం ఆమె ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. అయినా భద్రాచలం అంటే ప్రసాదమే కదా, ఆమె తప్పేం లేదు. నా చేతిలో ఉన్నది నల్లటి గిటారు పెట్టె. "ఎవరికమ్మా?" అని అడిగింది. నాకే అన్నాను. "నీకా!" అని నవ్వి, కొళాయిలో నీళ్లు వస్తున్నాయని లోపలికి పోయింది.

ఈ ప్రయాణంలో నేను ఎక్కువసార్లు జవాబు చెప్పిన ప్రశ్న అదే. దాని తర్వాతది "ఒక్కరే వచ్చారా?" ఈ రెండు ప్రశ్నలకూ ఓపిక ఉన్న ఆడవాళ్లే ఆ దారిన ఒంటరిగా బయల్దేరాలని నా సలహా.

నేను ఖమ్మంలో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పుట్టి పెరిగింది ఇల్లందులో. నాన్న బొగ్గుబావిలో పనిచేసేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్తాను, ఒక్కటీ అబద్ధం కాదు. చిన్నప్పుడు ఇల్లందు చర్చిలో గిటారు పట్టాను, ఉద్యోగం వచ్చాక ఖమ్మం చర్చిలో పట్టాను. రెండూ చర్చి గిటార్లే. పోయినేడు మా యూత్ పిల్లలు దానంతట అదే తబలా, డ్రమ్ములు కొట్టుకునే కీబోర్డు ఒకటి కొన్నారు. "అక్కా, ఇక మీకు శ్రమ ఎందుకు, మీరు పాడితే చాలు" అన్నారు. మర్యాదగానే అన్నారు. గిటారు బీరువా మీదికి ఎక్కింది. నేను ఆడవాళ్ల వరసలో చాప మీద కూర్చుని చప్పట్లు కొట్టాను. ఆ రోజు ఇంటికొచ్చి ఉల్లిగడ్డ తరుగుతుంటే, ఇంత వయసొచ్చినా నాకంటూ ఒక గిటారు లేదన్న సంగతి తట్టింది. ఏడుపొచ్చింది. ఉల్లిగడ్డ వల్ల కాదు.

కొంటే కోవా చెక్కతో చేసిందే కొనాలని ఎప్పుడో అనుకున్నాను. ఒకసారి ఖమ్మంలో సువార్త సభలు జరిగినప్పుడు ఎక్కడినుంచో వచ్చిన ఒకాయన వాయించాడు. గొంతులో కాస్త జీర ఉన్న మనిషి తియ్యగా పాడినట్టు ఉంది ఆ మోత. సభ అయ్యాక స్టేజి వెనక్కి వెళ్లి ఏం చెక్క అని అడిగాను. కోవా అనీ, హవాయి దీవుల్లో తప్ప ఎక్కడా పెరగదనీ, మన తుమ్మ చెట్టుకు దూరపు చుట్టమనీ చెప్పాడు. ఒకసారి ముట్టుకోనిచ్చాడు. అంతే.

ఆ మాట మా వార్డులో పనిచేసే సుజాతకు చెప్పాను. సుజాతది భద్రాచలం దాటాక చర్ల రోడ్డు మీద ఒక ఊరు. "మా సంఘంల కోవా గిటారే ఉన్నది సిస్టర్! విదేశాల నుంచి వచ్చిన దైవజనుడు ఒకాయన ఇచ్చిపోయిండు. కోత పండుగనాడు వేలం పెడ్తరు. వచ్చి పాడుకో" అంది. వేలంలో పాట పాడడం మనకు తెలిసిందే. చర్చిల్లో కోత పండుగ సంగతి తెలియనివాళ్లకు చెప్తున్నాను: పంట ఇంటికొచ్చే రోజుల్లో ఎవరి దగ్గర ఉన్నది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి ఒక్క నిమ్మకాయ. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి, అంటే ఆ చర్చికి.

నేను సెలవు పెట్టాను. ఎలాగూ పోతున్నాను కదా అని, దారిలో మరో రెండు కోవా గిటార్లు ఉన్నాయని తెలిస్తే వాటినీ చూద్దామనుకున్నాను. తొందరపడి ఒకటి కొనేసి జీవితాంతం అనుభవించిన వాళ్లను నేను చాలామందినే చూశాను. వాళ్లు కొన్నది గిటార్లు కాదనుకోండి.

ఖమ్మం

మొదటిది మా ఊళ్లోనే, ఒక సంగీత వాయిద్యాల దుకాణంలో. కోవా అనగానే కౌంటరు దగ్గరున్నాయన "పాలకోవానా మేడం?" అని తన జోకుకు తానే నవ్వుకున్నాడు. తర్వాత పైనుంచి ఒకటి దించాడు. చూడ్డానికి పులిచారల్లా మెరుస్తోంది. నేను దాని నడుమ రంధ్రం అంచును వేలితో తడిమి చూశాను. అసలు చెక్కైతే పైనున్న గీతలు అంచులో కూడా కిందిదాకా దిగుతాయి. ఇందులో అంచున మూడు పొరలు కనబడ్డాయి. పైన కాగితం మందాన కోవా, కింద ప్లైవుడ్డు.

"ఇది పొరదండీ."

"పొరదైతేంది మేడం, పిల్లలకు గిదే మంచిగుంటది. బాబు ఏ క్లాసు?"

"బాబు లేడు."

"పాపకా?"

"నాకే."

ఆయన నా ముఖం చూసి, చీర చూసి, చేతులు చూశాడు. గొంతు తగ్గించి, "మీకైతే యుకులేలే అని బుల్లి గిటారు చూపిస్త. చిన్నగ, తేలికగ ఉంటది" అన్నాడు. పసిపాపను ఎత్తుకోమన్నట్టు దాన్ని నా ముందు పెట్టాడు. నేను బస్టాండుకు నడిచాను.

వైరా

అశ్వారావుపేట బస్సు ఎక్కానే గానీ, వైరాలో దిగకుండా ఉండలేకపోయాను. వైరా చెరువు చేపల వాసన రోడ్డు దాకా వస్తుంది. రోడ్డు పక్క హోటల్లో భోజనం, చేపల ఫ్రై కలిపి నూట అరవై. ఆడవాళ్లను తెర కట్టిన ఫ్యామిలీ గదిలోకి పంపుతారు. నాలుగు కుర్చీల బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి, నాలుగు గ్లాసుల్లో నీళ్లు పోసింది వడ్డించే ఆమె.

"మిగతావాళ్లు ఎనక వస్తున్నరా?"

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

"అయ్యో" అంది. మూడు గ్లాసుల నీళ్లు మళ్లీ జగ్గులో పోసేసింది. ఆ అయ్యో ఎందుకో చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది. ఫ్రై మాత్రం అద్భుతంగా ఉంది, వంక పెట్టడానికి లేదు. ఇల్లందులో మా అమ్మ చేపకు చింతపులుసు తప్ప వేరే మర్యాద తెలియనట్టు వండేది. ఇక్కడ కారం, ధనియాలు, కరివేపాకు దట్టించి పెనం మీద మెల్లగా కాలుస్తారు.

కల్లూరు దగ్గర రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోశారు. మిగతా సగంలో అటూ ఇటూ బస్సులు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ పోతున్నాయి. డ్రైవరు ఎవరినీ తిట్టలేదు. కోతల రోజుల్లో ఇంతేనట. నా పక్క సీటులో కూర్చున్న ముసలమ్మ కల్లూరు వచ్చేదాకా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దిగేటప్పుడు లేపితే, నన్ను ఎవరనుకుందో ఏమో, "పోయొస్త బిడ్డా, పైలం" అని దిగిపోయింది. ఆ భుజం సత్తుపల్లి దాకా వెచ్చగా ఉంది.

అశ్వారావుపేట

సత్తుపల్లి దాటితే మాట మారుతుంది. "ఏంది" అన్నవాళ్లు తగ్గి "ఏంటండీ" అనేవాళ్లు ఎక్కువవుతారు. అటూ ఇటూ ఆయిల్‌పామ్ తోటలు, ఎంత పోయినా అవే చెట్లు. రాత్రికి తోటి నర్సు చుట్టాలింట్లో పడుకుని, తెల్లారి ఒక తోట యజమాని ఇంటికి వెళ్లాను. వాళ్లబ్బాయి ముచ్చటపడి గిటారు తెప్పించుకున్నాడట. ఆర్నెల్లకే మోటారు సైకిలు మీదికి మనసు మళ్లిందట. అమ్ముతామని ఫోటో పెడితే నా కంటపడింది.

హాలులో అద్దాల బీరువా. అందులో గిటారు. ఇది అసలు చెక్కే, అంచు చూశాను. కానీ పట్టుకోగానే జారిపోయింది. రెండు చేతులతో ఒళ్లోకి లాక్కున్నాను.

"వారం వారం నేనే తుడుస్తానండీ, నూనె రాసి" అంది ఇంటావిడ మురిసిపోతూ. "లేకపోతే చెక్క పగిలిపోదూ?"

"ఏం నూనె అండి?"

"మన నూనేనండీ. పామాయిలు."

చెక్క నిండా తాగి ఉంది పాపం. తీగ మీటితే నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు మోగింది. నా చీర కుచ్చిళ్ల మీద గిటారు ఆకారంలో మరక పడింది. యజమాని సిగ్గుపడి భార్యను ఏదో అనబోతే నేనే ఆపాను. ఆమె ప్రేమగానే రాసింది. ఆయిల్‌పామ్ పండించే ఇంట్లో తలకు తప్ప అన్నిటికీ అదే వాడతారట. పెసరట్టు, అల్లం పచ్చడి పెట్టారు. పట్టుబట్టి రెండోది వేశారు. "మీరు నిజంగా వాయిస్తారా అండీ? ఏదీ ఒక పాట" అంది ఆమె. ఆ జిడ్డు తీగల మీదే మొదలుపెట్టాను. ఇంతలో ఆయన ఫోను మోగింది. గెలలు మోసే ట్రాక్టరు రాలేదట. ఇద్దరూ మాట్లాడుకుంటూ బయటికి పోయారు. నేను సగంలో ఆపి, గిటారును బీరువాలో పెట్టి, తలుపు దగ్గరికి వేశాను. వాళ్లు వెనక్కి వచ్చి "చాలా బాగా వాయించారండీ" అన్నారు.

భద్రాచలం

పాల్వంచ మీదుగా భద్రాచలం చేరేసరికి సాయంత్రమైంది. వంతెన మీద బస్సు నెమ్మదించగానే బస్సులో అందరూ గోదావరికి దండం పెట్టారు. నేనూ కిటికీలోంచి చూశాను. నీళ్లు బాగా తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. నదిని చూసి "చూశావా" అనడానికి పక్కన ఒక మనిషి ఉంటే బాగుండుననిపించింది. పక్కనున్నాయన చిల్లర పైసలు నీళ్లలోకి విసిరే హడావిడిలో ఉన్నాడు.

లాడ్జిలో గది దొరకడానికి తంటా పడ్డాను. "సింగిల్ లేడీస్‌కి ఇయ్యం మేడం. రూల్" అన్నాడు మేనేజరు. ఆస్పత్రి గుర్తింపు కార్డు చూపించాను. కార్డు తిరగేసి చూసి, ఒక్కసారిగా మెత్తబడ్డాడు. "సిస్టరా! గట్ల చెప్పరేంది? నాకు పొద్దున లేవంగనే కండ్లు తిరుగుతున్నయి. బీపీ అంటరా?" అని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. బీపీ మిషను నా సంచిలో ఎందుకుంటుంది? ఉప్పు తగ్గించమన్నాను. గది ఇచ్చాడు. ఈ దేశంలో ఒంటరి ఆడదానికి లాడ్జిలో గది కావాలంటే ఎవరికో ఒకరికి రోగం ఉండాలి.

బస్టాండు దగ్గర బొంగులో చికెన్ అమ్ముతున్నారు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు. బొంగు ఒకటి మూడు వందల యాభై, ఇద్దరు తినాలి. సగం అమ్మమంటే, "సగం బొంగు యాడుంటది మేడం?" అని నవ్వాడు. మొత్తం కొన్నాను. నా సగం తిన్నాను. మిగతా సగం విస్తరాకులో చుట్టి గదికి తెచ్చుకున్నాను గానీ, పొద్దున్నే చల్లబడిన దాన్ని తినబుద్ధి కాలేదు.

చర్ల దారి

శనివారం పొద్దున షేరు ఆటో ఎక్కాను. దుమ్ముగూడెం దాటాక టేకు చెట్లు దగ్గరికి వస్తాయి. ఆటోలో నేను తప్ప అందరూ కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు. నా గురించే మాట్లాడుకుంటున్నారని మాత్రం అర్థమైంది. నేను చూసినప్పుడల్లా నవ్వారు, నేనూ నవ్వాను.

ముందు రోజే ఊరు చేరిన సుజాత రోడ్డు మీద నిలబడి ఉంది. నన్ను తిన్నగా యోబు ఇంటికి తీసుకుపోయింది. యోబు కరెంటు లైన్‌మెన్. ఆదివారాలు సంఘంలో గిటారు ఆయనే వాయిస్తాడు. వయసులో నాకంటే కొంచెం చిన్న. వాకిట్లో మంచం మీద కూర్చుని తీగలు తుడుస్తున్నాడు.

"వందనాలక్కా. సుజాత చెప్పింది, మీరు వాయిస్తరట."

"కొంచెం."

"కొంచెం వాయించెటోళ్లు గింత దూరం రారక్కా" అని గిటారు నా ఒళ్లో పెట్టాడు.

ఎండ దాని మీద పడింది. ముదురు తేనె రంగు. గిటారును కొంచెం వంచితే లోపలి గీతలు నీళ్లలో నీడలా కదిలాయి. అంచు తడిమాను. పైనున్న గీతలు కిందిదాకా ఉన్నాయి. ఒక్క స్వరం పట్టి మీటాను. ఎన్నో ఏళ్లుగా నా చెవిలో ఉన్న మోత అదే. జీర, ఆ జీర వెనక తీపి. మళ్లీ మీటాను.

"వచ్చిన కొత్తల గిట్ల లేకుండె" అన్నాడు యోబు. "పళ్లెం మీద గరిటె కొట్టినట్టు మోగెది. కోవా అంతేనట. వాయించంగ వాయించంగ నోరు తెరిచింది."

ఒక కీర్తన వాయించాను. ఆయన తల పక్కకు వంచి, కళ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో నాలుగో తీగ కాస్త దిగినట్టనిపించి నేను ఆగాను. అదే క్షణంలో ఆయన కళ్లు తెరిచి, "నాలుగోది" అన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం. తీగ బిగించి ఇచ్చాడు.

"ఈ ఊర్ల తీగ దిగినా ఎక్కినా తెలిసేది నాకొక్కనికే అక్కా. తప్పు వాయించినా మంచిగుంది అంటరు, మంచిగ వాయించినా మంచిగుంది అంటరు. నాకు గంత కోపమొస్తది."

"మా దగ్గరా అంతే" అన్నాను. ఖమ్మం లాంటి పట్నంలో కూడా అంతేనా అని ఆయన ఆశ్చర్యపోయాడు. అంతే అన్నాను.

ఆయన తన పాత నల్ల గిటారు తెచ్చాడు. పొద్దు వాలేదాకా ఇద్దరం వాయించాం. నేను కోవా మీద, ఆయన నల్లదాని మీద. మధ్యలో మార్చుకున్నాం కూడా. ఎక్కడ తొందరపడుతున్నానో ఆయన చెప్పాడు. ఆయన చిటికెన వేలు ఎక్కడ బద్ధకిస్తోందో నేను చెప్పాను. నాతో ఎవరైనా అలా నిక్కచ్చిగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. ఆయన భార్య మార్తమ్మ జొన్న జావ ఇచ్చి, "రోజూ నాకు నిద్రలేకుండ చేస్తడు, ఇయ్యాల ఇద్దరైన్రు" అని ఎగతాళి చేసింది. జావలోకి పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ. మా అమ్మ కూడా వేసవిలో జావ కాచేది గానీ ఇంత పుల్లగా ఉండేది కాదు. నాకు ఇదే నచ్చింది.

"రేపు వేలంలో పోతుంది కదా. మీకు బాధగా లేదా?" అని అడిగాను.

"ఏటేటా పెట్టేదేనాయె" అని నవ్వాడు. ప్రతి ఏడూ ఏదో ఒక విలువైంది పెడతారేమో, ఈసారి దీని వంతేమో అనుకున్నాను. ఎంత పెద్ద మనసు అనుకున్నాను. ఆ రాత్రి సుజాత వాళ్లింట్లో పడుకుని, రేపు ఎంతైనా సరే పాట ఆపకూడదని నిర్ణయించుకున్నాను.

ఆదివారం

మందిరం గుమ్మానికి వరి కంకులు తోరణంగా కట్టారు. లోపల చాపల మీద గుమ్మడికాయలు, జొన్న కంకులు, తేనె సీసాలు, వెదురు బుట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. బైబిలు వాక్యం చెబుతుంటే ఒక పుంజు మూడుసార్లు అడ్డం వచ్చింది. అయ్యగారు, అంటే పాస్టరుగారు, ఆగి, "ఇది కూడా ఆమేన్ అంటున్నది" అన్నారు. అందరూ నవ్వారు.

వేలం మొదలైంది. ఆ పుంజును ఒక రైతు పాడుకుని, తిరిగి సంఘానికే ఇచ్చేశాడు. మళ్లీ వేలం. రెండో ఆయనా ఇచ్చేశాడు. కోడి ఒక్కటే, డబ్బు రెండింతలు. తమాషాగా ఉందే అని నవ్వుకున్నాను. మా ఖమ్మం చర్చిలో పాడుకున్నది ఎవరింటికి వాళ్లు పట్టుకుపోవడమే.

చివర్లో గిటారు తెచ్చారు. నేను మొదటి పాట పాడాను. ఒక కాంట్రాక్టరు పెంచాడు. నేను పెంచాను. ఇంకొకరిద్దరు నవ్వుతూ పెంచి, నవ్వుతూ ఆగిపోయారు. కాంట్రాక్టరు నా వైపు దండం పెట్టి కూర్చున్నాడు. ఇలాంటి గిటారుకు దుకాణాల్లో అడిగే ధరలో సగం కూడా కాలేదు. డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాను. గిటారు నా చేతికొచ్చింది. నాది. ఆ మాట లోపల ఎన్నిసార్లు అనుకున్నానో.

"ఖమ్మం నుంచి వచ్చిన మన సిస్టరు ప్రేమతో పాడుకుంది" అన్నారు అయ్యగారు. "తిరిగి ప్రభువు సేవకే ఇస్తున్నది. చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు. యోబు అప్పటికే లేచి నా ముందుకొచ్చి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ముగింపు పాట వాయించాలి కదా.

నాకేమీ అర్థం కాలేదు. సుజాత వెనక నుంచి నా కొంగు లాగింది.

"ఇచ్చెయ్ సిస్టర్. ప్రతియేడు గిట్లనే. పాడుకునెటోళ్లు పాడుకుంటరు, మళ్ల వాపస్ ఇస్తరు."

"నాకు చెప్పలేదే నువ్వు?"

"చెప్పెడిదేంది గిది? అందరికి ఎరికేనాయె!"

వాళ్లకు అది ఎంత మామూలు సంగతంటే, చెప్పాలని కూడా తట్టలేదు. కోడి వెనక్కి వెళ్లినప్పుడైనా నాకు తట్టాల్సింది. గిటారు గురించి ఆలోచిస్తూ కోడి సంగతి పట్టించుకోలేదు.

అందరూ నన్నే చూస్తున్నారు, నవ్వు ముఖాలతో. ఇచ్చేయడం ఎంత తేలిక. ఇచ్చేస్తే నేను మంచిదాన్ని. ఇన్నేళ్లూ ఇస్తూనే ఉన్నాను. నైట్ డ్యూటీలు ఇచ్చాను, పండుగ సెలవులు ఇచ్చాను, ఖమ్మం గిటారు కూడా మారు మాట్లాడకుండా ఇచ్చాను. ఇది ఇచ్చేసి ఖాళీ చేతులతో ఖమ్మంలో నా గదికి పోయి తాళం తీయడం నావల్ల కాదనిపించింది.

"నేను దీన్ని తీసుకుపోతానండీ" అన్నాను.

వేళాకోళం అనుకుని అయ్యగారు నవ్వారు. నేను నవ్వలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఆయన కాసేపు బల్ల వైపు చూసి, "పాట పాడింది, పైకం కట్టింది. ఆమెదే. ఎవరూ ఏమనొద్దు" అన్నారు. న్యాయంగానే అన్నారు. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు.

యోబు చాపిన చేతులు ఇంకా అలాగే ఉన్నాయి. "ఒకసారి ఇటియ్యండి" అన్నాడు. ఇస్తే మళ్లీ రాదేమోనని ఒక్క క్షణం నేను గట్టిగా పట్టుకున్నాను, సిగ్గు లేకుండా. ఆయన ఆగాడు. అప్పుడిచ్చాను. గోడ దగ్గర కూర్చుని ఒక్కో మర తిప్పుతూ ఆరు తీగలూ వదులు చేశాడు. వదులైన కొద్దీ అవి మూలిగినట్టు మోగి ఊరుకున్నాయి. పెట్టెలో పడుకోబెట్టి, మెడ కింద తన కండువా మడిచి పెట్టి, మూత వేశాడు.

"బస్సు ఎండకు తీగలు బిగించి ఉంటే చెక్క గుంజుకుంటది. ఇంటికి పోయినంక ఒక్కరోజు ఆగి బిగించుకోండి."

"నేను మీకొక గిటారు పంపిస్తాను" అన్నాను.

"ఎందుకు? పాతది ఉన్నది గద."

మార్తమ్మ మాత్రం ఊరుకోలేదు. గుమ్మంలో అడ్డంగా నిలబడి, "నిన్న మా వాకిట్ల కూసొని ఆయనతోని వాయించి, ఇయ్యాల గుంజుకపోతున్నవు. నీకు మనసెట్లొచ్చింది?" అంది. ఆమె కోపమే ఆ రోజు నాకు కాస్త ఊరటనిచ్చింది. ఒక్కరైనా నాతో మాట్లాడారు కదా.

రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే లోపల ముగింపు పాట వినబడింది. నల్ల గిటారు తేవడానికి ఇల్లు దూరం కాబోలు, ఉత్త చప్పట్లతో పాడారు. రెండో చరణంలో శ్రుతి జారింది. సరిచేసేవాళ్లు లేక పాట చివరిదాకా అలాగే పోయింది.

ఇల్లు

యోబు చెప్పినట్టే ఒక్కరోజు ఆగి తీగలు బిగించాను. చెప్పకుండా ఎలా ఉంటాను, ఎంత బాగా మోగుతోందో! డ్యూటీ నుంచి వచ్చి, అన్నం పొయ్యి మీద పెట్టి, కుక్కరు కూత పెట్టేదాకా వాయిస్తాను. నా గది గోడలు ఇన్నేళ్లుగా ఇంత మంచి చప్పుడు విని ఉండవు. ఎవరికీ తిరిగి ఇవ్వక్కర్లేదన్న సంతోషం రోజూ కొత్తగా కలుగుతోంది. ఆ సంతోషం నిజం. ఓనరమ్మ కిటికీ దగ్గర ఆగి "మంచిగుందమ్మా" అంటుంది. వార్డులో సుజాత ఇంజెక్షన్లు, సెలైన్ల సంగతి తప్ప నాతో వేరే ముచ్చట ఎత్తడం లేదు.

వారం తిరిగాక ఉండబట్టలేక యోబుకు ఫోన్ చేశాను. బాగున్నారా అంటే బాగున్నామన్నాడు. గాలివానకు తీగలు తెగి స్తంభాలు ఎక్కి దిగడమే సరిపోతోందన్నాడు. మార్తమ్మ ఎలా ఉందంటే, పొలం పోయిందన్నాడు. ఒక్క నిమిషం వినండి అని ఫోను బల్ల మీద పెట్టి, ఆ రోజు వాళ్ల వాకిట్లో ఇద్దరం వాయించిన కీర్తన మొదటినుంచీ వాయించాను.

సగంలోనే నాలుగో తీగ దిగింది. నేను ఆగలేదు. కావాలనే ఆగలేదు. నాలుగోది అంటాడని చెవులు రిక్కించి, దిగిన తీగతోనే చివరిదాకా వాయించి ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

"మంచిగుంది మేడం" అన్నాడు యోబు.